ఎవరి చోట వాళ్ళు

ఏప్రిల్ 6, ఆదివారం

జనవరిలో కొన్న డైరీ. ఇన్నాళ్ళూ పాల లెక్క కూడా రాయలేదు. ఇవాళ ఎందుకు తీశానంటే, ఏదైనా చెప్పుకోవాలంటే నాకున్నది అత్తయ్య ఒక్కతే. ఈ సంగతి ఆమెకే చెప్పలేను.

బదిలీ సంగతి చెప్పేశాను. మా ఆస్పత్రి వాళ్ళు రైల్లో ఒక పూట దూరంలో ఇంకో ఆస్పత్రి తెరుస్తున్నారు. అక్కడి ఎక్స్‌రే గది బాధ్యత నాకు ఇచ్చారు. మే నెలాఖరుకి చేరాలి. విని అత్తయ్య "మంచిదేగా" అని మళ్ళీ చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది.

నోటి దాకా వచ్చి ఆగిపోయింది ఆ తర్వాతి మాట. "మరి మీరు?" అన్న మాట.

అడగడానికి ఏముంది? వదిన ఎప్పటినుంచో పిలుస్తోంది. కన్నకూతురు, సొంత ఇల్లు, ఇద్దరు మనవరాళ్ళు. ఆయన పోయాక అత్తయ్య ఈ అద్దె మేడ మీద నాతో ఉండిపోయిందంటే నేను ఒంటరిదాన్నయిపోతానని. ఇప్పుడు ఇల్లే ఖాళీ చేస్తున్నాం. ఆమె కూతురి దగ్గరికి వెళ్తుంది. మంచిదే.

ఆస్పత్రి వాళ్ళు చిన్న కెమెరా కానుకగా ఇచ్చారు. "ఇన్నాళ్ళూ మనుషుల ఎముకలే తీశావు, ఇకనుంచి మొహాలు కూడా తియ్యి" అన్నారు మా డాక్టరుగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 8

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి ఇల్లంతా ఫోటోలు తీశాను. ముందు గది, వంటగది, మెట్లు, డాబా మీద బట్టలారేసే తీగ, కింద కుళాయి. ఆయన బూట్లు విప్పే మూల. ఆయన పేపరు చదివే కిటికీ. ఆ కిటికీ చట్రం మీద టీ గ్లాసు పెట్టీ పెట్టీ గుండ్రంగా మచ్చ పడింది. అదీ తీశాను.

ఆయన ఫోటోలు నా దగ్గర ఉన్నవి పెళ్ళివీ, ఆఫీసు కార్డు మీదదీ, ఎవరి పెళ్ళిలోనో గుంపులో నిలబడ్డదీ. ఈ ఇంట్లో ఆయన ఉన్న ఫోటో ఒక్కటి కూడా లేదు. రోజూ కళ్ళెదుట తిరిగే మనిషిని ఎవరు ఫోటో తీస్తారు? ఇల్లు ఉంది కదా, ఆ మూల చూస్తే ఆయన గుర్తొస్తారు కదా అని నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు మూల కూడా పోతోంది.

ఏప్రిల్ 9

నిన్నటి ఫోటోలు మళ్ళీ చూశాను. మూల మూలలాగే ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం

స్టూడియోలో వేయించి తెచ్చిన ఫోటోలు అత్తయ్యకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పింది. మెట్ల ఫోటో దగ్గర ఆగింది.

"ఇదేంటి?"

"మెట్లు అత్తయ్యా."

"మెట్లని తెలుస్తూనే ఉంది. ఎవరూ లేరేం?"

"ఇల్లు గుర్తుండాలని తీశాను."

"డిపోలో నిలబెట్టిన బస్సులాగుంది" అంది. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఈ వీధిలో ఇప్పటికీ ఆమెని కండక్టరమ్మ అనే అంటారు. "ముప్ఫై ఏళ్ళు ఎక్కి దిగిన బస్సుల నంబర్లు ఒక్కటి కూడా గుర్తులేవు నాకు. మొదటి ట్రిప్పులో ఎక్కి, సీటు ఉన్నా కూర్చోకుండా నిలబడే గెడ్డం పంతులుగారు మాత్రం గుర్తున్నారు. మనుషుల్ని తియ్యి. ఎవరు ఎక్కడ నిలబడతారో అక్కడే నిలబెట్టి తియ్యి. వెనకాల ఇల్లు ఎలాగూ పడుతుంది."

వెంటనే కింద ఓనరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నిలబడే చోటు ఏదని ఎవర్నీ అడగక్కర్లేదు. మెట్ల కింద, నడుం మీద చెయ్యి వేసుకుని, పైకి చూస్తూ. అక్కడినుంచే నీళ్ళ ట్యాంకు నిండిందా అని అరుస్తుంది, అక్కడినుంచే మాకు జ్వరం తగ్గిందా అని కూడా అరుస్తుంది. కెమెరా చూడగానే చెయ్యి దించేసి, కొంగు సర్దుకుని, పెదాలు బిగించి బొమ్మలా నిలబడింది. ఏం చెయ్యాలో తోచక నాకు అలవాటైన మాట అనేశాను. "ఊపిరి బిగపట్టండి."

పైనుంచి అత్తయ్య అందుకుంది. "ఆవిడకి ఎముకలేం విరగలేదే. ఊపిరి తీసుకోనియ్యి. ఏమండీ, ట్యాంకు నిండిపోతోంది చూడండి."

ఓనరమ్మ చెయ్యి నడుం మీదికి వెళ్ళిపోయింది. తల పైకి లేచింది. తీసేశాను.

చాలా బాగా వచ్చింది.

ఏప్రిల్ 14

వదిన దగ్గరికి వెళ్ళే సంగతి అత్తయ్య ఇంకా ఏం అనలేదు. నేనూ అడగలేదు. మంచిదే.

ఏప్రిల్ 19

కింద వెనక వాటాలో ఉండే లెక్కల మాస్టారు పొద్దున్నే కోటు వేసుకుని, తల దువ్వుకుని సిద్ధంగా ఉన్నారు. ఓనరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు కదా, వీధి మొత్తానికీ చెప్పేసింది.

"మాస్టారూ, మీరు రోజూ నిలబడే చోట తీస్తానండీ."

"నేను రోజూ నిలబడేది నల్లబోర్డు ముందర."

"ఇంట్లో అండీ."

కుళాయి దగ్గర అని ఇద్దరికీ తెలుసు. తువ్వాలు భుజాన వేసుకుని, నోట్లో బ్రష్షుతో, కనిపించినవాళ్ళందరికీ నురగలోంచే రాజకీయాలు చెబుతూ నిలబడతారు. అందులో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆగి వింటాం. చివరికి ఆయన కుళాయి పక్కన కోటుతోనే నిలబడ్డారు. ఫోటోలో ఎవరో పెద్దమనిషి కుళాయి ప్రారంభోత్సవానికి వచ్చినట్టు ఉంది.

తర్వాత ఆయన భార్య మెల్లిగా నా దగ్గరికి వచ్చి, "రేపు పొద్దున ఆయన చూడకుండా పై నుంచి తీసెయ్యమ్మా. నాకొకటి కావాలి. కోటులో ఉన్న మనిషితో నేనెప్పుడూ కాపురం చెయ్యలేదు" అంది.

ఏప్రిల్ 20

తీశాను. నురగతో సహా.

ఏప్రిల్ 27, ఆదివారం

ఇది వివరంగా రాసుకోవాలి.

గేటు ఎదురుగా ఉన్న సైకిల్ షాపాయన ఇవాళ మిగిలాడు. పంక్చర్లు అయిపోయాక సాయంత్రం పూట చేతులు తుడుచుకుని మా గేటు దగ్గరికి వచ్చి కాసేపు నిలబడడం ఆయన అలవాటు. ఆ వేళకే కిందికి దిగి, "మీరు మామూలుగా ఎలా నిలబడతారో అలాగే ఉండండి" అన్నాను.

ఆయన గోడకి వీపు ఆనించాడు. కుడికాలు మడిచి పాదం గోడకి తన్నిపెట్టాడు. ఎడమ చేత్తో గేటు ఊచ పట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి వీధి చివరికి చూశాడు.

కెమెరాలోంచి చూస్తూ నొక్కడం మర్చిపోయాను. ఆ నిలబడడం నాకు తెలుసు. ఆ కాలు తెలుసు. ఆఫీసు నుంచి వచ్చి, పైకి రాకుండా అక్కడే నిలబడి కబుర్లాడుతుంటే, "టీ చల్లారిపోతోంది" అని నేను పైనుంచి పిలిచేదాన్ని. అప్పుడు ఆ తల పక్కకి వాలేది.

"ఏమ్మా, వెలుగు చాలట్లేదా?" అన్నాడు ఆయన.

"మీరు ఎప్పుడూ ఇలాగే నిలబడతారా?"

తన కాలు వంక తనే చూసుకున్నాడు.

"ఇది మీ ఆయన నిలబడే తీరమ్మా" అన్నాడు. "అటు ఆయన, ఇటు నేను. 'కాలు దించవయ్యా, గోడ మాసిపోతోంది' అని ఓనరమ్మ ఆయన్ని తిట్టేది. నేను ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలీదు. ఇప్పుడు ఆ తిట్లు నాకు పడుతున్నాయి." కాలు దించబోయాడు.

"దించకండి" అన్నాను.

తీశాను. ఒకటి కాదు, చాలా తీశాను.

పైకి వచ్చి కెమెరా వెనక చిన్న తెరలో అత్తయ్యకి చూపించాను. చెప్పకుండా ఇచ్చాను. చాలాసేపు చూసింది. చూపుడు వేలితో ఆ మడిచిన కాలు మీద రాసింది, దుమ్ము తుడిచినట్టు.

"మనవాడు వాళ్ళ నాన్నని చూసి నేర్చుకున్నాడు అది" అంది. అంతే. లేచి వెళ్ళి అన్నం వడ్డించింది. ఇవాళ ఇద్దరం బాగా తిన్నాం.

ఏప్రిల్ 28

ఆ ఫోటో రెండు వేయించాను. ఒకటి అత్తయ్య అడక్కుండానే తీసుకుని తన ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. వదిన వాళ్ళింటికి తీసుకెళ్తుంది కాబోలు. మంచిదే.

మే 2

వదిన ఫోన్ చేసింది. గదికి రంగు వేయించారట. మంచం కిటికీ పక్కన వేశారట. పిల్లలు అమ్మమ్మ వస్తోందని వీధంతా చెప్పుకుంటున్నారట.

"రంగెందుకే ఇప్పుడు" అంది అత్తయ్య. రానని అనలేదు. నేను ఫోన్ పట్టుకుని పక్కనే ఉన్నాను, విన్నాను. నిజంగా అనలేదు.

వదిన మంచిది. అత్తయ్య అక్కడ సుఖపడుతుంది. ఈ మాట ఇదివరకే రాశాననుకుంటా.

మే 4, ఆదివారం

అందరి ఫోటోలూ అయ్యాయి. అత్తయ్యది తప్ప.

పొద్దున వంటగది గుమ్మంలో ఎప్పటిలాగే చట్రానికి భుజం ఆనించి నిలబడింది. కదిలే బస్సులో నిలబడిన ఒళ్ళు, ఎక్కడున్నా దేనికో దానికి ఆనుకుంటుంది. కెమెరా ఎత్తాను. పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద పాలే లేవు. మధ్యాహ్నం డాబా మీద బట్టలు తీస్తుంటే వెళ్ళాను. దుప్పటి అడ్డం పెట్టుకుంది. సాయంత్రం కిటికీ దగ్గర సరిగ్గా నొక్కే సమయానికి తుమ్మింది. దొంగ తుమ్ము. టికెట్ లేనివాడు చెకింగ్ వాళ్ళని చూసి దిగిపోయినట్టు, కెమెరా పైకి లేస్తే చాలు దిగిపోతోంది.

"ఒక్కటి తీయించుకోండి అత్తయ్యా."

"వాళ్ళవి తియ్యి. నాదెందుకు?"

"వాళ్ళవి ఉండి మీది లేకపోతే అవి ఏ ఇంటి ఫోటోలవుతాయి?"

"అబ్బ, చెవిలో జోరీగలాగ" అని విసుక్కుంది.

నాకు కోపం వచ్చింది. రాత్రికి తగ్గింది. ఆమెకి మనసులో ఏం ఉందో. కొడుకు ఇంట్లో ఇక అయిపోయింది కదా అని ముందే తెంచుకుంటోందేమో. పెద్దవాళ్ళు అలాగే చేస్తారు.

మే 7

సామాను సర్దుతున్నాం. అత్తయ్య చాలా హుషారుగా ఉంది. ఆ హుషారు చూస్తే నాకు కొంచెం కష్టంగానే ఉంది. ఉండకూడదు.

కూతురి ఇంటికి వెళ్తూ కూడా నా గురించే బెంగ ఆమెకి.

"అక్కడ నీళ్ళు ఎలా ఉంటాయంటావ్? ఉప్పగా ఉండవు కదా?"

"నాకేం పర్లేదు అత్తయ్యా, సర్దుకుంటాను."

"మెట్లు ఎక్కువా?"

"నాకు మెట్లు అలవాటేగా."

"దగ్గర్లో బస్టాపు ఉందా?"

"నేను నడిచే వెళ్తాను ఆస్పత్రికి. మీరేం దిగులు పెట్టుకోకండి."

కళ్ళజోడు పైనుంచి నా వంక అదోలా చూసింది. తర్వాత పెద్ద గిన్నెలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి నా గోనెసంచిలో దింపింది. ఒక్క మనిషికి అన్ని గిన్నెలు ఎందుకండీ అంటే వినిపించుకోలేదు.

మే 11, ఆదివారం

వదిన వచ్చింది. వాళ్ళమ్మని తీసుకెళ్ళడానికి.

నేను టీ పెడుతున్నాను. ముందు గదిలో మాటలు వినిపిస్తున్నాయి.

"నీ పెట్టె ఇదొక్కటేనా అమ్మా? బట్టలన్నీ సర్దావా? సాయంత్రం బండి మనకి."

"నా పెట్టె లారీలో వస్తుంది."

"లారీ ఏంటి? మన ఊరికి లారీ ఎందుకు?"

"మన ఊరికి కాదే. అమ్మాయి సామానుతో పాటు."

నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాను. వదిన మొహం చిన్నబోయింది.

"గదికి రంగు కూడా వేయించాను" అంది.

"అందుకే ఇప్పుడెందుకే అన్నాను" అంది అత్తయ్య. వదిన చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "వస్తాను. పిల్లల సెలవులకి వస్తాను, నీకు ఒంట్లో బాగోకపోతే వస్తాను, ఊరికే బుద్ధి పుడితే కూడా వస్తాను. వచ్చినప్పుడు నెత్తిన పెట్టుకుంటావు. ఉండిపోయాననుకో, నెల తిరక్కుండా ఉప్పు దగ్గరా పప్పు దగ్గరా ఇద్దరం జుట్లు పట్టుకుంటాం. నీ చిన్నప్పట్నుంచీ అంతేగా మనం. ఈ అమ్మాయితో నాకు కుదిరింది. ఎలా కుదిరిందో నాకూ తెలీదు. కుదిరింది."

వదిన కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వింది. "అది మాత్రం నిజమే. మరి దానికి చెప్పావా?"

"దానికి చెప్పేదేంటి? దానికి తెలుసుగా."

ఇద్దరూ నా వంక చూశారు.

"నాకు తెలీదు" అన్నాను.

అత్తయ్య నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీళ్ళు ఉప్పగా ఉంటాయా, మెట్లు ఎక్కువా అని ఎందుకు అడిగాననుకున్నావు? రేడియోలో చెప్పడానికా?"

"నా గురించి బెంగపడుతున్నారనుకున్నాను."

"నీ మోకాళ్ళకేం, రాళ్ళలా ఉన్నాయి. నావి కదా నొప్పులు."

"మీరు వదిన దగ్గరికే వెళ్ళాలనుకుంటున్నారనుకున్నా. నేను రమ్మంటే మొహమాటానికి వస్తారని అడగలేదు."

అత్తయ్య టీ అందుకుంది. ఒక గుక్క తాగి కింద పెట్టింది.

"నువ్వు అడుగుతావని రోజూ చూశాను. అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మరి నేను అత్తనాయె. సరే, ఇది నన్ను దింపేద్దామనుకుంటోందేమో, అనుకుంటే మాత్రం ఏం, లారీ కదిలే ముందు ఎక్కి కూర్చుంటే ఏం చేస్తుంది అనుకున్నాను."

వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

"మరి ఫోటో ఎందుకు తీయించుకోలేదు?"

అత్తయ్య చీర అంచు మీద లేని దారప్పోగు ఒకటి వెతికింది.

"నువ్వు ఇక్కడ వదిలేసి పోతున్నవాళ్ళందరివీ తీస్తున్నావుగా" అంది. "నేనూ ఆ వరసలో నిలబడితే, నన్నూ వాళ్ళలో కలిపేస్తావని."

వదిన లేచి లోపలికి వెళ్ళింది, పని ఉన్నట్టు. నేను అత్తయ్య పక్కన కూర్చున్నాను. టీ చల్లారిపోయింది, అలాగే తాగాం.

మే 12

పొద్దెక్కేదాకా నిద్రపోయాను. రాయడానికి ఏమీ లేదు.

మే 15

గిన్నెలు పేపర్లలో చుడుతుంటే ఒక ఆలోచన వచ్చింది. వెంటనే చెప్పేశాను. లోపల దాచుకుంటే ఏమవుతుందో తెలిసొచ్చింది కదా.

"మీరు నాతోనే ఉంటారు కాబట్టి ఫోటో అక్కర్లేదన్నారు. ఆయన విషయంలో నేను అనుకున్నది కూడా అదే అత్తయ్యా. రోజూ చూస్తానుగా అనుకున్నాను."

అత్తయ్య చేతిలో పేపరు ఆగింది. చుడుతున్న గిన్నె పూర్తిగా చుట్టి, సంచిలో పెట్టాక అంది.

"అదీ నిజమే. అక్కడికి వెళ్ళాక చూద్దాం."

మే 18, ఆదివారం

లారీ కదిలింది. ఎవరి ఫోటోలు వాళ్ళకి ఇచ్చాను. ఓనరమ్మ తన ఫోటో చూసుకుని "నేను ఇలా నిలబడతానా, గొడవకి వచ్చినట్టు?" అని వీధంతా అడిగింది. అందరూ అవునన్నారు. మాస్టారి భార్య తనది బియ్యం డబ్బా వెనక దాచుకుంది. సైకిల్ షాపాయన చేతులు రెండుసార్లు తుడుచుకుని గానీ ఫోటో ముట్టుకోలేదు. అత్తయ్య డ్రైవరు పక్కన కూర్చుని దారి చెప్పింది. ఆమెకి ఆ దారి తెలీదు. అయినా చెప్పింది.

నేను ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

మే 25, ఆదివారం

కొత్త ఇల్లు. కింది వాటా, మెట్లు లేవు. నీళ్ళు ఉప్పగానే ఉన్నాయి.

పొద్దున అత్తయ్య జడ వేసుకుని వచ్చి, "ఆ కెమెరా ఏదీ?" అంది. తెచ్చాను.

"ఎక్కడ నిలబడమంటావు?"

"మీరు రోజూ నిలబడే చోట."

"వచ్చి వారమేగా అయింది. నాకు అప్పుడే చోటెక్కడిది?"

అని వెతకడం మొదలుపెట్టింది. వంటగది గుమ్మానికి భుజం ఆనించి చూసింది, చట్రం కొత్తది, గరుకుగా ఉందంది. కిటికీ దగ్గర నిలబడితే ఎదురింటి గోడ తప్ప ఏమీ కనపడదంది. వరండాలో ఒక ఇనప స్తంభం ఉంది. దానికి మోచెయ్యి చుట్టి, ఒక కాలు గట్టు మీద పెట్టి, వీధి అటూ ఇటూ చూసింది. కూరగాయల బండి వెళ్తోంది. ఆ బండి అతన్ని వంకాయలు ఎలా ఇస్తున్నావని అడిగింది, అతను చెప్పింది విని నోరు తెరిచింది.

అప్పుడు తీశాను. నోరు తెరిచే ఉంది.

చూసుకుని బాగుందంది. తర్వాత చెయ్యి చాపింది.

"ఇటివ్వు. అన్ని ఫోటోలు తీశావు, ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు. ఆ ఇంట్లో నువ్వు లేవా ఏంటి?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"ఎక్కడ నిలబడాలి అత్తయ్యా?"

"నన్నడుగుతావేం? నేను వెతుక్కోలేదా?"

నేనూ వెతికాను. గదిలో తిరిగాను, వంటగదిలోకి వెళ్ళి వచ్చాను. చివరికి గుమ్మం బయటికి వచ్చి గట్టు మీద, ఆమె స్తంభానికి ఇవతలి పక్కన కూర్చున్నాను. అక్కడ పొద్దుటి ఎండ కాళ్ళ దాకానే వస్తోంది. అత్తయ్య కళ్ళజోడు ఎత్తి, దించి, వెనక్కి జరిగి, ముందుకి వచ్చి, ఎట్టకేలకి నొక్కింది.

తల తెగిపోయింది. మెడ నుంచి కింద అంతా నేనే. ఒళ్ళో చేతులు, కాళ్ళ మీద ఎండ, పక్కన ఆమె విడిచిన చెప్పులు.

మళ్ళీ తీస్తానంది. వద్దన్నాను. కూర్చున్న చోటు బాగా పడింది.